ఘాట్ దిగుతుంటే... బ్రేకు వణుకుతోందా?

కరీంనగర్‌లో బయల్దేరి ధర్మపురి దగ్గర గోదావరిని చూసి, కవ్వాల్ అడవి మీదుగా ఆదిలాబాద్ చేరి, కుంటాల జలపాతం చూసుకుని నిర్మల్ దారిలో ఇంటికి రావడం... ఉత్తర తెలంగాణలో కారున్న కుటుంబాలకు ఇష్టమైన రెండ్రోజుల విహారం. గుడి, నది, అడవి, జలపాతం, కొయ్యబొమ్మలు... అన్నీ ఒకే చుట్టులో వస్తాయి. కొండలు, మలుపులు, చెక్‌పోస్టులు, వాగులు కూడా వస్తాయి. అందుకే కళ్లకు పండగలాంటి ఈ దారి కారు బ్రేకులకు మాత్రం పరీక్ష. పెడల్ మీద కాలు పెట్టగానే గుండెదడలా దడదడమని కొట్టుకుంటే ఆ పరీక్షలో ఎక్కడో తేడా వచ్చినట్టే!

కొండ ఎక్కేటప్పుడు ఇంజిను సత్తా తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకు సత్తా తెలుస్తుంది. సాఫీగా ఉన్న ఊరి రోడ్డు మీద నలభై కిలోమీటర్ల వేగంతో తిరిగినంత కాలం బయటపడని లోపం, ఘాట్ రోడ్డులో మూడో మలుపు దగ్గరే బయటపడుతుంది. స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది. పెడల్ కాలిని పైకి నెడుతుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ‘ఏమైంది?’ అని అడుగుతారు. మెకానిక్కులు దీన్నే బ్రేక్ పల్సేషన్ అంటారు. అంటే బ్రేకు నాడిలా కొట్టుకోవడం. బండి ఆగుతుంది కదా అని చాలామంది పట్టించుకోరు. కానీ ఇది రోగం కాదు, రోగ లక్షణం. దాని వెనక ఏముందో తెలుసుకోవడానికి చాలాసార్లు ఇంటి ముందు ఒక ఆదివారం ఉదయం చాలు.

కొండగట్టు మలుపులో...

కరీంనగర్ నుంచి జగిత్యాల వైపు 563 నంబరు జాతీయ రహదారి మీద సుమారు 35 కిలోమీటర్లు వెళ్తే కొండగట్టు వస్తుంది. ఆంజనేయస్వామికి మొక్కుకోని కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు. కొత్త కారు కొన్నవాళ్లు పూజ చేయించుకోవడానికి ముందు వచ్చేదీ ఇక్కడికే. ఆ గుట్ట ఘాట్ రోడ్డులోనే 2018 సెప్టెంబరు 11న కిక్కిరిసి ఉన్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. కొన్ని ఊళ్లలో ఒకే వీధిలో నాలుగైదు ఇళ్లు చీకటయ్యాయి. కొండ దిగే బండికి బ్రేకు ఎంత ముఖ్యమో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

దిగేటప్పుడు బ్రేకు మీద పడే భారం ఎంత? ఐదుగురు కూర్చున్న చిన్న కారు బరువు సుమారు 1,200 కిలోలు అనుకుందాం. అది కేవలం బ్రేకుల మీదే ఆధారపడి వంద మీటర్ల ఎత్తు దిగితే బ్రేకుల్లో పుట్టే వేడి దాదాపు నాలుగు లీటర్ల మామూలు నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో పెద్ద వాటా ముందు చక్రాల దగ్గరున్న రెండు ఇనుప పళ్లేలే భరించాలి. ఆ పళ్లేలనే డిస్కులంటారు. పెడల్ నొక్కగానే క్యాలిపర్ అనే పట్టకార రెండు ప్యాడ్లతో తిరుగుతున్న డిస్కును అటూఇటూ నుంచి నొక్కి పడుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. శతాబ్దం దాటినా సూత్రం మారలేదు.

కొండగట్టు దిగాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కాలు బ్రేకు మీదే ఉంచి గుట్టంతా దిగుతారు. కిందికి రాగానే కొబ్బరికాయల దుకాణం ముందో, టీ కొట్టు ముందో ఆపి పెడల్‌ను అలాగే గట్టిగా తొక్కిపట్టి ఉంచుతారు. అప్పటికే మండిపోతున్న ప్యాడ్ ఒకేచోట డిస్కును అంటిపెట్టుకుని ఉంటుంది. దాని పదార్థం పలుచని పొరలా అక్కడ అంటుకుపోతుంది. ఆ మచ్చ ఉన్నచోట పట్టు ఒకలా, లేనిచోట మరోలా ఉంటుంది. మర్నాటి నుంచి చక్రం తిరిగిన ప్రతిసారీ పెడల్ ఒక దెబ్బ కొడుతుంది.

‘డిస్క్ బెండయింది’ నిజమేనా?

బ్రేకు వణికిందని చెప్పగానే వర్క్‌షాపుల్లో తరచూ వినిపించే మాట ‘డిస్క్ బెండయింది’. వేడికి అప్పడంలా వంగిపోయిందన్న భావం అందులో ఉంది. నిజానికి మందపాటి పోత ఇనుప డిస్కు అంత తేలిగ్గా వంగదు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది వేరు. డిస్కు మందం చుట్టూతా ఒకేలా లేకపోవడమే అసలు సమస్య. ఒకచోట అరుగుదల ఎక్కువ, మరోచోట తక్కువ. పలుచటి భాగం వచ్చినప్పుడు ప్యాడ్లు దగ్గరవుతాయి. మందపాటి భాగం వచ్చినప్పుడు వెనక్కి నెట్టుకుంటాయి. ఆ తోపులాట ఆయిల్ గొట్టాల గుండా వచ్చి పెడల్‌ను తంతుంది.

ఈ తేడా ఎంతో ఉండక్కర్లేదు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. డిస్కు మందంలో అందులో మూడో వంతు, అంటే 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చినా చాలా కార్లలో కాలికి తెలిసిపోతుంది!

మరి ఆ తేడా ఎలా వస్తుంది? చాలాసార్లు కథ పంక్చర్ దుకాణంలో మొదలవుతుంది. చక్రం బిగించేటప్పుడు ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్కు రవ్వంత పక్కకు ఒరుగుతుంది. డిస్కుకూ హబ్బుకూ మధ్య తుప్పు పెళ్ల చిక్కుకున్నా అంతే. అప్పుడు డిస్కు తిరిగేటప్పుడు సైకిల్ రిమ్ము వంకరపోయినట్టు అటూఇటూ ఊగుతుంది. దాన్ని రనౌట్ అంటారు. మొదట్లో డ్రైవరుకు ఏమీ తెలియదు. కానీ బ్రేకు వేయకపోయినా చక్రం తిరిగిన ప్రతిసారీ డిస్కులో ఒకే భాగం ప్యాడ్‌కు రాసుకుంటూ ఉంటుంది. రెండు మూడు నెలలు, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ భాగం అరిగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు. అప్పటికి పంక్చర్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? కొత్త డిస్కు వేయించినా హబ్బు మీది తుప్పు అలాగే ఉంటే మళ్లీ మూడు నెలలకు అదే వణుకు. ‘డిస్కులు మార్చినా తగ్గలేదు’ అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే.

నదీతీరాన నాడి పట్టండి

జగిత్యాల దాటి 63 నంబరు జాతీయ రహదారి మీద సాగితే ధర్మపురి. గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి కొలువైన క్షేత్రం. యమధర్మరాజుకు గుడి ఉన్న అరుదైన చోటు కూడా. ‘ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదు’ అన్నది ఇక్కడి నానుడి. అక్కడి నుంచి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత కరీంనగర్ జిల్లా అయిపోయి, పాత ఆదిలాబాద్ జిల్లా మొదలవుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగాక ఇప్పుడు ఇటు జగిత్యాల, అటు మంచిర్యాల.

రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉండే ఇలాంటిచోటే బండి నాడి పట్టి చూడాలి. ముందు వెనక వాహనాలు లేవని చూసుకుని 60 కిలోమీటర్ల వేగంలో మెల్లగా బ్రేకు వేయాలి. ఆ వేగంలో చిన్న కారు చక్రం సెకనుకు దాదాపు తొమ్మిదిసార్లు తిరుగుతుంది. వణుకు చక్రంతో పాటే వేగం తగ్గుతూ వస్తే లోపం బ్రేకులోనే ఉందని గుర్తు. స్టీరింగ్ అటూఇటూ ఊగితే ముందు చక్రాల వైపు చూడాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, నేల అదిరితే వెనక చక్రాల మీద అనుమానపడాలి.

వెనక డ్రమ్ములున్న, చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లకు మరో పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే, కొద్దికొద్దిగా లాగాలి. అప్పుడూ వణికితే డ్రమ్ముల గుండ్రదనం దెబ్బతిన్నట్టు. వణక్కపోతే ముందు డిస్కులే దోషులు. తడి రోడ్డు మీద, మలుపులో ఈ ప్రయోగం చేయకూడదు.

రెండు విషయాల్లో పొరబడే అవకాశం ఉంది. బ్రేకు వేయకుండానే 80, 90 వేగంలో స్టీరింగ్ వణికితే అది బ్రేకు లోపం కాదు. వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు చూపించుకోవాలి. కంకర మీదో, బురదలోనో గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు గర్రుమన్న శబ్దంతో పెడల్ కొట్టుకుంటే అది ఏబీఎస్ తన పని తాను చేస్తోందని అర్థం. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో తయారయ్యే కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. అప్పుడు భయపడి కాలు తీసేయకూడదు. అలాగే తొక్కిపట్టాలి.

అడవి దారిలో... వాగు నీటిలో...

లక్షెట్టిపేట దాటి జన్నారం వైపు మళ్లగానే టేకు చెట్లు రోడ్డుకు తోరణాలు కడతాయి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ఇదే. అడవి జంతువులు అడ్డం వచ్చే దారిలో వేగం ఎలాగూ తగ్గించాల్సిందే. స్పీడ్ బ్రేకర్లు, చెక్‌పోస్టులు బ్రేకుకు పని చెబుతూనే ఉంటాయి. అక్కడి నుంచి గోండు గూడేల మధ్యగా ఉట్నూరు. ఆపైన ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో నేలకొరిగిన ఆదివాసుల స్తూపం అక్కడే ఉంది. దగ్గర్లోని కేస్లాపూర్‌లో పుష్య మాసపు అమావాస్యకు మెస్రం వంశీయులు నాగోబాకు పూజ చేస్తారు. ఆ జాతర రోజుల్లో ఈ దారంతా ఎడ్లబళ్లు, జీపులు, కార్లతో నిండిపోతుంది. ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ వైపు మళ్లితే కెరమెరి ఘాట్. కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్‌కు వెళ్లేవాళ్లు ఆ కొండ మలుపులు చూడాల్సిందే.

వానాకాలంలో ఈ అందం రెట్టింపవుతుంది. బ్రేకులకు ముప్పూ పెరుగుతుంది. ఘాట్ దిగి వేడెక్కిన చక్రాలతో సరాసరి వాగు నీటిలోకి దింపితే ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు చల్లినట్టే. అంత వేడి మీద ఒక్కసారిగా చల్లబడితే డిస్కు నిజంగానే వంకరపోయే ప్రమాదం ఉంది. కారు ఆపగానే చక్రాల మీద బకెట్లతో నీళ్లు కొట్టడం కూడా మంచిది కాదు. అరగంట ఆగితే పోయేదేమీ లేదు. వాగు దాటాక తడిసిన బ్రేకుల్ని రెండు మూడుసార్లు మెల్లగా వేసి ఆరబెట్టుకోవాలి.

గల్ఫ్ నుంచి వచ్చేసరికి...

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు దాదాపు ఉండదు. దుబాయ్‌లోనో, కువైట్‌లోనో ఉన్న కొడుకు సెలవులకొచ్చినప్పుడు కొన్న కారు ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటుంది. ఆయన తిరిగి వెళ్లాక దాన్ని నడిపేవాళ్లుండరు. ఒక వానాకాలం గడిచేసరికి డిస్కంతా తుప్పు. ప్యాడ్ కింద ఉన్న భాగంలో మాత్రం వేరే రకం మచ్చ. ఏడాదికో, రెండేళ్లకో ఆయన రాగానే పిల్లల్ని, అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కొండగట్టుకో, బాసరకో బయల్దేరతాడు. నెల రోజుల సెలవులో ఒక్కో రోజూ విలువైందే మరి! మొదటి బ్రేకుకే దడదడ. పైపై తుప్పయితే పది, పదిహేను మెల్లని బ్రేకులకు రాలిపోతుంది. తుప్పు లోపలికి తింటే పోదు. ఇలా నిలిపి ఉంచే బండిని ఇంట్లో ఎవరైనా పది రోజులకోసారి నాలుగైదు కిలోమీటర్లు తిప్పినా చాలు. అదీ కుదరకపోతే సమతలంగా ఉన్నచోట హ్యాండ్ బ్రేక్ వదిలేసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టడం మేలు. విద్యుత్ కార్లకూ ఈ బెడద ఉంది. వాటిలో వేగాన్ని తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి డిస్కులు తుప్పుపట్టేందుకు తీరిక ఎక్కువ.

ఇంటి ముందు ఒక ఉదయం

బ్రేకు విప్పడం అనుభవం లేనివాళ్ల పని కాదు. అయితే చక్రం విప్పి చూడటం, తుప్పు గీకడం, నట్లు సరిగ్గా బిగించడం స్టెప్నీ మార్చడం తెలిసినవాళ్లకు కష్టమేమీ కాదు. కారు చల్లబడ్డాక గట్టినేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అటూఇటూ రాళ్లు పెట్టాలి. నట్లను జాకీ ఎత్తకముందే కొంచెం వదులు చేసుకోవాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. స్టాండ్ పెట్టాలి. విప్పిన చక్రాన్ని కూడా కారు కింద అడ్డంగా పడుకోబెడితే మరో రక్షణ. కారు కిందికి తల పెట్టే పని అసలే వద్దు.

చక్రం తీశాక ముందుగా కంటితో చూడాలి. డిస్కు మీద నీలం రంగు మచ్చలుంటే విపరీతంగా వేడెక్కినట్టు. ప్యాడ్ ఆకారంలో నల్లటి అచ్చు ఉంటే పదార్థం అంటుకుపోయినట్టు. ఒక ప్యాడ్ బాగా అరిగి, రెండోది కొత్తదానిలా ఉంటే క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయినట్టు. వాటిని శుభ్రం చేసి బ్రేకుల కోసమే తయారైన గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది.

తర్వాత కొలత. వీల్ నట్లకు వాషర్లు వేసి డిస్కును హబ్బుకు గట్టిగా బిగించాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, అయస్కాంతపు స్టాండు ఉన్న డయల్ గేజ్ ముల్లును డిస్కు అంచుకు సుమారు సెంటీమీటరు లోపల ఆనించి చక్రాన్ని చేత్తో తిప్పాలి. ముల్లు కదలిక 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలా కార్లకు ఫరవాలేదు. కచ్చితమైన హద్దు ఆ కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఎనిమిదిచోట్ల మందం కొలిస్తే ఎక్కడ ఎంత అరిగిందో తెలుస్తుంది. గేజులు అందరి ఇళ్లలో ఉండవు. లేత్ పట్టేవాళ్ల దగ్గర దొరుకుతాయి.

రనౌట్ ఎక్కువగా ఉంటే వెంటనే కొత్త డిస్కు కొననక్కర్లేదు. అనుభవమున్న చేతులతో క్యాలిపర్ విప్పించి, దాన్ని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టి, డిస్కు బయటికి తీయాలి. హబ్బు ముఖాన్ని, డిస్కు లోపలి వైపును ఇనుప బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాలి. తిరిగి బిగించి కొలవాలి. ఇంకా తేడా ఉంటే డిస్కును ఒక రంధ్రం పక్కకు తిప్పి అమర్చి చూడాలి. రెండింటి వంకరలూ ఒకదాన్నొకటి సరిచేసుకుని తేడా తగ్గిపోవడం తరచూ జరిగేదే.

చివరిగా నట్లు. వరసగా కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు, రెండు మూడు విడతల్లో బిగించాలి. టార్క్ రెంచ్ ఉంటే కారు పుస్తకంలో చెప్పినంత బిగువు ఇవ్వాలి. కారు కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు తొక్కడం మరవకూడదు. ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటే మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు తగులుతుంది. గేటు దాటాక ఆ సంగతి తెలిస్తే ముప్పే!

మందంలో తేడా వచ్చిన డిస్కుకు మాత్రం రెండే దారులు. లేత్ మీద రెండు వైపులా సమంగా చెక్కించడం, లేదా మార్చడం. డిస్కు మీదే కనీస మందం ఎంతో అంకెల్లో పోతపోసి ఉంటుంది. చెక్కాక అంతకన్నా తగ్గేట్టుంటే మార్చాల్సిందే. ఎప్పుడూ జతగానే మార్చాలి. ఎడమది కొత్తది, కుడిది పాతది అయితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త డిస్కులు, ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 కిలోమీటర్ల దాకా పదిసార్లు మెల్లగా వేగం తగ్గించి, పూర్తిగా ఆపకుండా నడిపి చల్లారనివ్వాలి. ఆ తర్వాతే కొండ ఎక్కాలి.

మహబూబ్ ఘాట్ మీదుగా...

ఆదిలాబాద్ నుంచి 44 నంబరు జాతీయ రహదారి పట్టి తిరుగు ప్రయాణమైతే నేరడిగొండ దగ్గర కుంటాలకు దారి చీలుతుంది. కడెం వాగు సుమారు 147 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు అది. పొచ్చెర జలపాతం కూడా ఆ చుట్టుపక్కలే. మెట్లు దిగి, ఎక్కి, అలిసిపోయి పిల్లలు కారులో నిద్రలోకి జారుకుంటారు. అక్కడి నుంచి నిర్మల్‌కు సహ్యాద్రి కొండలు దిగాలి. మహబూబ్ ఘాట్ అందాలు ఈ ప్రాంతానికి పెట్టింది పేరు.

ఇక్కడ పనికొచ్చేది పాత లారీ డ్రైవర్ల సూత్రమే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. మూడో గేరులోనో, రెండో గేరులోనో వేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లలో ‘ఎల్’ గానీ, చేత్తో గేరు మార్చే పద్ధతి గానీ వాడాలి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటం. బ్రేకు అదేపనిగా రాసుకుంటూ ఉండకుండా, మలుపుకు ముందు ఒకసారి గట్టిగా వేసి వదిలేస్తే డిస్కుకు గాలి తగిలి చల్లబడే వీలుంటుంది. పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరుగుతున్నట్టు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వేడి తట్టుకోవాలి. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

నిర్మల్ చేరితే పొనికి కర్రతో చేసిన పండ్లు, పక్షులు, బొమ్మలు స్వాగతం పలుకుతాయి. పిల్లలకో బొమ్మ కొని, సోన్ దగ్గర మళ్లీ గోదావరి దాటి, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా వస్తే రాత్రి భోజనం వేళకు కరీంనగర్ చేరొచ్చు. 2023 జూన్‌లో ప్రారంభమైన మానేరు తీగల వంతెన చూడని చుట్టాలుంటే, దాన్ని కూడా చూపించి ఇంటికి తీసుకెళ్లొచ్చు.

బయల్దేరే ముందు...

• బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయి, లేదా ఎక్కడో కారుతోంది.

• పంక్చర్ వేయించినా, టైర్లు మార్పించినా నట్లు ఎదురెదురుగా, చేతి పానాతో బిగించమని అడగాలి.

• చక్రాల దగ్గర పేరుకున్న బ్రేకు పొడిని నోటితో ఊదొద్దు, గాలి పైపుతో కొట్టొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవాలి.

• ఘాట్ దిగాక వెంటనే పెడల్ తొక్కిపట్టి ఆపకుండా, సమతలంపై కొంతదూరం మెల్లగా నడిపి చల్లబరచాలి.

• వణుకుతో పాటు ఇనుము గీసుకున్న శబ్దం, ఒక పక్కకు లాగడం, మాడు వాసన, పెడల్ లోపలికి జారడం... వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం వద్దు. బండి ఆపి మెకానిక్కును పిలవాలి.

• పల్సేషన్ ఉన్న కారుతో ఘాట్ ఎక్కొద్దు. బాగుచేయించాకే ప్రయాణం. కొండ, గుడి, జలపాతం వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటాయి.